మాణిక్యం తొలి వేట

ఓర్వకల్లు బండల అవతల, కర్నూలు బండిబాట మీద ఉన్న ఆ సంత ఊళ్ళో రాజ్యలక్ష్మమ్మకు నచ్చిన మనిషంటూ ఒక్కరూ లేరు. మునసబు బసవరాజుకు మీసం ఉన్నంత తెలివి లేదనేది. వెనక వీధి మగ్గాల వాళ్ళకు చేతుల కంటే నోళ్ళు ఎక్కువ ఆడతాయనేది. పూజారికి మంత్రం మీద కంటే ప్రసాదం మీద ధ్యాస ఎక్కువనేది. ఆ ఊరి మబ్బులకు కూడా సిగ్గు లేదని, వచ్చి తొంగి చూసి పోవడమే గానీ కురవడం చేతకాదని ఆకాశం వైపు చూసి తిట్టేది. ఇందులో ఏదీ చాటుమాటు వ్యవహారం కాదు. ఎవరి మాట వాళ్ళ మొహం మీదే అనేసేది. ఆ ఒక్క గుణం వల్లే ఊరు ఆమెను భరించింది.

అందరికంటే ఆమెకు చులకన తన మొగుడు.

అనంతయ్య శెట్టి శనగల వ్యాపారి. పరమ లోభిని 'పిల్లికి బిచ్చం పెట్టడు' అంటారు. అనంతయ్య దగ్గర ఆ మాట చెల్లలేదు. బిచ్చగాడికి పెట్టేవాడు కాదు, ఎండన పడి వచ్చి అరుగు మీద కూర్చున్న బంధువుకు మజ్జిగ ఇమ్మనేవాడు కాదు, పిల్లికి మాత్రం మీగడ తీసిన పాలు పోస్తే ఇల్లు అదిరేలా కేకలు వేసేవాడు. "దాని ఒళ్ళు ఏమైపోవాల? మీగడెయ్యి!" అనేవాడు. తనకు పెళ్ళైన కొత్తలో కాన్పుకు పుట్టింటికి పోతూ ఉంటే "జాగర్త" అన్న ముక్క కూడా ఆ నోటి నుంచి రాలేదని రాజ్యలక్ష్మమ్మ తరచు గుర్తు చేసేది.

ఆ పిల్లి ఎక్కడి నుంచో రాలేదు. ఒక ఏడు కొత్త శనగల మూట విప్పి కుప్ప పోస్తుంటే, శనగలతో పాటు జారి పడింది. కళ్ళు కూడా సరిగ్గా తెరవని కూన. తెల్లటి ఒళ్ళు, నుదుటి మీద బొట్టు పెట్టినట్టు ఎర్రటి మచ్చ. శనగల మూటలో బొట్టు పెట్టుకుని వచ్చింది కాబట్టి సాక్షాత్తు లక్ష్మీదేవే అని అనంతయ్య తేల్చేశాడు. మాణిక్యం అని పేరు పెట్టాడు. మూట అమ్మిన రైతు తన ఇంటి పీడ వదిలించుకున్నాడని రాజ్యలక్ష్మమ్మ తేల్చింది. ఆమె ఏం తేల్చినా ఆ ఇంట్లో లెక్కలోకి రాదు.

అప్పటి నుంచి ఏటా కొత్త శనగలు దిగిన రోజు మాణిక్యానికి పండగ. వీధి వీధంతటికీ గుగ్గిళ్ళు పంచేవాడు. పిల్లిని పీట మీద కూర్చోబెట్టి, మెడలో కనకాంబరాల దండ వేసి, పెళ్ళాం చేత హారతి ఇప్పించేవాడు. హారతి పళ్ళెం పట్టుకుని ఆమె మొహం పక్కకు తిప్పుకుని నిలబడేది. పని లేని మంగలి పిల్లి తల గొరిగాడని సామెత. ఇక్కడ గొరగడం ఒక్కటే తక్కువ. జనం గుగ్గిళ్ళు బుక్కుతూ "శెట్టిది ఎంత పెద్ద మనసప్పా" అనేవాళ్ళు, వీధి మలుపు తిరిగాక కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఆయనకు వినపడేది కాదు. ఆమెకు వినపడేది. మొగుణ్ణి తాను తిట్టవచ్చు గానీ ఆ అడ్డమైన వాళ్ళు నవ్వేదేమిటని ఆమెకు ఒళ్ళు మండేది.

కూతురు సుందరలక్ష్మిని కడపలో ఇచ్చారు. ఆ పిల్లకు తొలికాన్పు కష్టమైందని కబురు వచ్చిన రోజు మాణిక్యం కంట్లో నీరు కారుతోంది. అనంతయ్య కదల్లేదు. "నువ్వు పో, నేను దీన్ని చూసుకుంటా" అన్నాడు. రాజ్యలక్ష్మమ్మ ఒక్కతే రైలెక్కి పోయింది. మనవడు బాగానే పుట్టాడు, పిల్లి కన్నూ బాగైంది. కానీ ఆ రోజు నుంచి ఆమె మాటల్లో ఉన్న కాస్త ఉప్పూ పోయి ఉత్త కారమే మిగిలింది.

పండగ ఒక ఎత్తు, ముందు జాగ్రత్తలు ఒక ఎత్తు. పిల్లికి ఏ ఆపద వచ్చినా తాను తయారుగా ఉండాలని అనంతయ్యకు పట్టుదల. ఒక కొయ్యపెట్టె చేయించాడు. అందులో వసకొమ్ము, వాము, ఆముదం, పసుపుకొమ్ములు, గుడి విభూతి, దర్గా దగ్గర మంత్రించి ఇచ్చిన తాయెత్తు, ముల్లు గుచ్చుకుంటే తీయడానికి కంసాలి దగ్గర తెచ్చిన చిన్న పట్టకారు. ఇంటికి నిప్పంటుకుంటే పిల్లి బయటపడాలని చీకటి కొట్టు వెనక గోడకు కన్నం పెట్టించాడు. ఆ కన్నంలో నుంచి పందికొక్కులు లోపలికి వచ్చేవి. వరద వస్తే ఎక్కి కూర్చోవడానికి గోడకు ఎత్తుగా ఒక బల్ల కొట్టించాడు. ఆ ఊళ్ళో వరద! తాగడానికి నీళ్ళు లేక జనం చెలమలు తోడుకునే ఊళ్ళో! ఎండాకాలం మధ్యాహ్నాలు చెమట కారుతూ ఆ పిల్లిని బల్ల మీదికి ఎక్కించడం నేర్పేవాడు. రాజ్యలక్ష్మమ్మ బిందె చంకన పెట్టుకుని చెలమకు పోతూ గుమ్మంలో ఆగి చూసేది. "వరద దిగినాక చెప్పండి, వచ్చి వంట జేస్తా" అని వెళ్ళిపోయేది.

అన్నిటికంటే ముఖ్యమైంది గంప. మేదరి చేత మూత గంప అల్లించి, లోపల తన పాత పంచె మెత్తగా పరిచాడు. ప్లేగు వచ్చి ఊరు విడవాల్సి వస్తే మాణిక్యాన్ని అందులో పెట్టుకుని పోవాలని. మరి పెళ్ళాం దేంట్లో పోవాలో ఆయన ఆలోచించినట్టు లేదు.

ఆ రోజుల్లో చలికాలం వచ్చిందంటే జనానికి గుండెలు పట్టుకునేవి. ప్లేగు బళ్ళారి వైపు నుంచి దిగేది. అది వచ్చే ముందు గుర్తు ఒక్కటే, ఇంట్లో ఎలక దానంతట అది చచ్చి పడటం. 'ఎలక పడింది' అన్న మాట ఒక ఇంట్లో నుంచి వినపడితే చాలు, పొయ్యి మీది కుండ పొయ్యి మీదే వదిలి ఊరంతా బండల దగ్గరికి పోయి కొట్టాలు వేసుకునేది. ఎలకలు పడ్డాక ఊళ్ళో నిలిచినవాడు మిగలడని పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే ఆ నెలల్లో తెల్లవారగానే మూలలు వెతకడం, దూలాల కింద చూడటం, మగ్గం గుంటలో కర్ర పెట్టి తిప్పడం మొహం కడుక్కోవడం కంటే ముందు పని.

మాణిక్యానికి ఎలకలతో ఏ తగాదా లేదు. కోమటింటి పిల్లి. పుట్టి బుద్ధెరిగి పెరుగన్నం తప్ప తినలేదు. ఏకాదశికి దానికి కూడా పాలూ పండే. ముసలిదై పండ్లూడిపోయాక అనంతయ్య అన్నం మెత్తగా పిసికి పెట్టేవాడు. అటక మీది ఎలకలు దిగివచ్చి అది మిగిల్చిన పెరుగన్నం దాని మీసాల పక్కనే కూర్చుని తినిపోయేవి. అది ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకునేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అనే మాట ఆ ఇంటి ఎలకలు ఎన్నడూ విని ఉండవు.

జర్మనీ యుద్ధం సాగుతున్న కాలంలో ఒక మాఘమాసం పొద్దున అనంతయ్య పెరట్లో వేపపుల్ల నములుతున్నాడు. మాణిక్యం వెనకింటి గోడ వైపు నుంచి ఏదో ఈడ్చుకుంటూ వచ్చింది. నోట్లో ఎలక. తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి కూర్చుంది.

"ఏమే! ఓసేయ్! రా, చూద్దువు రా! వేటాడినాది! నా తల్లి వేటాడినాది!"

రాజ్యలక్ష్మమ్మ వంటింట్లో నుంచి తల కూడా బయట పెట్టలేదు. "మడి కట్టుకుని ఉండా. ఆ పీనుగను అవతల పారేయండి" అంది.

ఆమె ఒక్క చూపు చూసి ఉంటే సరిపోయేది. ఆ ఎలక మీద గాటు లేదు, నెత్తురు లేదు. ఆమె కళ్ళకు అది దాగేది కాదు. కానీ చూడటమంటే పిల్లికి మర్యాద చేయడం. అంత మర్యాద చేసే ఉద్దేశం ఆమెకు లేదు.

మర్నాడు ఇంకొకటి వచ్చింది. ఆ మర్నాడు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అనంతయ్య ప్రతిదాన్నీ పట్టకారుతో తోక పట్టుకుని ఎత్తి అరుగు మీద నిలబడి వీధికి చూపించి, తర్వాత దిబ్బలో వేసి వచ్చేవాడు. వెనక వీధి మగ్గాల వాళ్ళు పొంగిపోయారు. ఎలకలు వాళ్ళకు పుట్టు శత్రువులు, గంజి పెట్టిన పడుగు నూలు కొరికి పోసేవి.

"మా మగ్గం గుంటలో ఎలక సద్దే లేదక్కా ఈ నాలుగు దినాలు" అని హంపమ్మ పెరటి గోడ మీదుగా చెప్పింది. ఆమె ఇల్లు వీళ్ళ పెరటికి ఆనుకునే ఉంటుంది, మగ్గం మీద కూర్చున్నంత సేపూ పాడుతూనే ఉండేది. "అంతా మీ పిల్లి పున్యమే."

"దాని మొహం. ఎలకలకు మీ పాటలు పడక పోయుంటాయి" అంది రాజ్యలక్ష్మమ్మ.

హంపమ్మ పడిపడి నవ్వింది.

ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ ఎలక పడలేదు కాబట్టి ఆ ఏడు ప్లేగు తప్పిందని అందరూ అనుకున్నారు. అంతా మాణిక్యం చలవే అన్నాడు అనంతయ్య. కొత్త శనగలు దిగేదాకా ఆగలేక తొలి వేట పండగ అని ఒకటి పుట్టించాడు. ఈసారి గుగ్గిళ్ళతో ఆగలేదు. పూర్ణం పెట్టిన ఓళిగలు, పాయసం. మునసబు బసవరాజును కూడా పిలిచాడు. ఓళిగలన్నీ చేసింది ఎవరు? రాజ్యలక్ష్మమ్మే. పొద్దున్నుంచి పెనం ముందు కూర్చుని, ఒక్కొక్క ఓళిగకూ ఒక్కొక్క తిట్టు చొప్పున కాల్చింది.

మధ్యాహ్నం పడసాల నిండా ఆకులు వేశారు. పీట మీద ఎర్రబట్ట పరిచి మాణిక్యాన్ని కూర్చోబెట్టారు. దండ బరువుకే దాని తల వాలిపోతోంది. ముందు పెట్టిన పాయసం ముట్టలేదు. "వేటకు తిరిగి అలిసిపోయినాది" అన్నాడు అనంతయ్య. ఆడవాళ్ళు పిల్లల పుట్టువెంట్రుకల పాట ఎత్తుకుని, పిల్లవాడి పేరు వచ్చే చోట మాణిక్యం పేరు పెట్టి పాడారు. అనంతయ్యకు కళ్ళు చెమ్మగిల్లాయి. మునసబు మూడో ఓళిగ మీద నెయ్యి వేయించుకున్నాడు.

రాజ్యలక్ష్మమ్మ మంచినీళ్ళ కోసం పెరట్లో తొట్టి దగ్గరికి వెళ్ళింది. చెంబు ముంచబోతుంటే కనపడింది. నడినెత్తిన ఎండ. హంపమ్మ వాళ్ళ గోడ కింది నుంచి ఒక ఎలక బయటికి వచ్చింది. కల్లు తాగినవాడు నడిచినట్టు అడ్డదిడ్డంగా నడుస్తోంది. ఆమె కాళ్ళను చూసి కూడా పారిపోలేదు. తొట్టి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, పక్కకు ఒరిగి, కాళ్ళు కొట్టుకుని ఆగిపోయింది.

ఆమె అలాగే నిలబడిపోయింది. ఇంతలో పడసాలలో నుంచి మాణిక్యం దండతో సహా తూలుతూ వచ్చింది. ఎలకను వాసన చూసింది. పండ్లు లేని చిగుళ్ళతో కరుచుకుని, జారిపోతే మళ్ళీ కరుచుకుని, లోపలికి తీసుకుపోయి అనంతయ్య ముందు పెట్టింది. ఇల్లంతా చప్పట్లు. "మళ్ళీ పట్టినాది! పండగ పూట గూడా పట్టినాది!"

రాజ్యలక్ష్మమ్మ చెంబు తొట్టిలో వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"లేయండి. అందరూ లేసి ఇండ్లకు పోయి మూటలు గట్టుకోండి. అది పట్టలేదు. ఎలక పడినాది. నా కండ్ల ముందర పడినాది. ఇన్ని దినాలు ఆ పిల్లి తెచ్చినవన్నీ పడిన ఎలకలే. పండ్లు లేని పిల్లి యాడ పడతాది ఎలకను?"

ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో అందరూ నవ్వారు.

"ఏమమ్మా, ఒగ దినమన్నా ఆ పిల్లిని మెచ్చుకుంటే నీ సొమ్మేం పోతాది?" అన్నాడు మునసబు, మూతి తుడుచుకుంటూ.

"కుళ్ళు. అంతా కుళ్ళు" అనంతయ్య లేచి నిలబడ్డాడు. "పిల్లి శాపాలకు ఉట్లు తెగవు. నీ శాపాలకు నా మాణిక్యానికి ఏమీ గాదు, పో!"

ఏళ్ళ తరబడి ఆమె నిజాలన్నీ వెటకారంగానే చెప్పింది. ఇప్పుడు నిజాన్ని నిజంగా చెప్తే వాళ్ళకు అదీ వెటకారంగానే వినపడింది. అందులో తప్పు వాళ్ళది కాదని ఆమెకు తెలుసు. అది తెలిసి ఇంకా మండిపోయింది.

హంపమ్మ ఒక్కతే నవ్వలేదు. సగం తిన్న ఆకు వదిలి ఇంటికి పోయింది. మగ్గం గుంటలోకి దిగి, కాళ్ళతో తొక్కే పలకల వెనక చెయ్యి పెట్టి చూసింది. మూలన పిల్లికి అందని చోట ఇంకా రెండు ఎలకలు ఉబ్బి పడి ఉన్నాయి. అవి తెచ్చి వీధిలో వేసి గుండెలు బాదుకుంది. అప్పటికి మునసబు చేతికి పాయసం గిన్నె వచ్చింది. గిన్నె కింద పెట్టి లేచాడు.

తెల్లవారేసరికి హంపమ్మకు జ్వరం, గజ్జల్లో గడ్డ. ఇక ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. దండోరా వేశారు. బండ్లు, గాడిదలు, నెత్తిన మూటలతో ఊరు కదిలింది. మునసబు అనంతయ్య గుమ్మం ముందు దూరంగా నిలబడి చెప్పాడు.

"శెట్టీ, ఎండ ఎక్కేలోపల మీరిద్దరూ బయల్దేరాల. పిల్లి మాత్రం రాకూడదు. పడిన ఎలకలను నోట గరిచిన పిల్లి. దాన్ని కొట్టాల కాడికి తెస్తే జనం నిన్నూ రానియ్యరు, నేనూ రానియ్యను."

"అయితే నేనూ రాను" అన్నాడు అనంతయ్య. తలుపు వేసుకున్నాడు.

మాణిక్యం దవడ కింద నిమ్మకాయంత వాపు. అనంతయ్య దాన్ని ఒడిలో పెట్టుకుని కొయ్యపెట్టె తెరిచాడు. పసుపు రాశాడు, వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశాడు, తాయెత్తు కట్టాడు, విభూతి పెట్టాడు. నిప్పుకు, వరదకు, ముల్లుకు, కంటి జబ్బుకు అన్నిటికీ ఏర్పాటు ఉంది. పిల్లిని వదిలిపెట్టి పోవాల్సిన ఆపద ఒకటి ఉంటుందని ఆ మహానుభావుడికి తట్టలేదు. తట్టినా పెట్టెలో దానికి మందు లేదు.

రాజ్యలక్ష్మమ్మ బండిలో సామాను సర్దింది. బండి ఎక్కి కూర్చుంది. ఉండనీ. ఆ పిల్లిని పట్టుకుని ఇక్కడే చావనీ. కూతురి కాన్పుకు కదలని మనిషి ఇప్పుడు మాత్రం ఎందుకు కదులుతాడు? బండివాడిని తోలమనడానికి నోరు తెరిచింది. బండి దిగింది. ఎందుకు దిగుతున్నానని తనను తానే తిట్టుకుంది. ఈయన పోతే రోజూ పొద్దున లేచి ఎవరిని తిట్టాలి, అందుకే దిగుతున్నాను అనుకుంది. అది అబద్ధం. భయం వేసింది. ఆ వెర్రి మనిషి నిజంగా చచ్చిపోతాడని భయం వేసింది.

లోపలికి పోయి ఎప్పటి గొంతుతోనే చెప్పింది.

"మునసబును అడిగినా. గంప మూత గట్టి, మనం దూరంగా వేరే కొట్టం ఏసుకుంటే సరే అన్నాడు. మూత మాత్రం తియ్యకూడదంట. పోయి నాలుగు చెంబులు పోసుకుని రాండి, నేను దాన్ని గంపలో పెడతా."

అనంతయ్య నమ్మాడు. ఆమె అబద్ధం చెప్పగలదని ఆయనకు తెలియదు. అబద్ధం చెప్పాలంటే ఎదుటి మనిషి మీద కాస్త గౌరవం ఉండాలి. అలాంటిది ఆమెకు ఎవరి మీదా లేదు కాబట్టి అంతవరకు ఎవరికీ అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆయన పెరట్లో నీళ్ళు పోసుకుంటుంటే ఆమె పిల్లిని ఎత్తుకుంది. దాన్ని చేతుల్లోకి తీసుకోవడం అదే మొదలు. ఒళ్ళు కాలిపోతోంది. దూదిపింజంత బరువు కూడా లేదు. అది కరవలేదు, గీరలేదు, ఆమె ముంజేతి మీద తల పెట్టింది. చీకటి కొట్టులో గోనెసంచి మీద పడుకోబెట్టి, పక్కన పెరుగన్నం, నీళ్ళు పెట్టి, గోడ కన్నానికి రాయి అడ్డం పెట్టి, తలుపు లాగి గొళ్ళెం వేసింది. రుబ్బురోలు పొత్రాన్ని పాత పంచెలో చుట్టి గంపలో దించింది. మూత మీద తాడు అటు ఇటు బిగించి కట్టింది. మనుషులను తిట్టినంత తేలిగ్గా ఆ ముడి పడలేదు. రెండుసార్లు జారింది. గంపలో ఉన్నది రాయేనని బండివాడి చేత మునసబుకు కబురు పంపింది.

అనంతయ్య తడి తలతో వచ్చి గంప నెత్తిన పెట్టుకున్నాడు. బండిలో పెట్టమంటే ఒప్పుకోలేదు, కుదుపులకు దానికి నొప్పి పుడుతుందట.

గడప దాటుతుండగా చీకటి కొట్టులో నుంచి అరుపు వినపడింది. సన్నగా, సాగదీసినట్టు. గోళ్ళతో తలుపు గీరుతున్న చప్పుడు.

రాజ్యలక్ష్మమ్మ గొంతెత్తింది. ఆ రోజు ఆమె తిట్టినట్టు ఆ ఊళ్ళో ఎవరూ ఎవరినీ తిట్టి ఉండరు. మొగుణ్ణి తిట్టింది, అత్తను తిట్టింది, ఎప్పుడో పోయిన మామను తిట్టింది, శనగల మూట అమ్మిన రైతును తిట్టింది, మునసబు మీసాన్ని తిట్టింది. ఆపితే అరుపు వినపడుతుందని ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా తిట్టింది. మూటలు మోసుకుపోతున్న జనం "చావు ముంచుకొచ్చినా ఈమె నోరు మూతబడదప్పా" అనుకున్నారు. వీధి మలుపు తిరిగేదాకా ఆపలేదు. తిరిగాక బండి గూడుకు చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

అనంతయ్య బండి పక్కన నడుస్తూ గంపతో మాట్లాడుతూనే ఉన్నాడు. "భయపడొద్దు తల్లీ. ఈడనే. బండలు కనపడుతాండాయి సూడు. ఇంగ కొంచెం దూరమే." దారి పొడుగునా అదే మాట. వినేవాళ్ళకు జాలి వేయాల్సింది, విసుగు వేసింది.

కొట్టాల దగ్గర నలుగురి ముందు ఆయన గంప దించి తాడు విప్పాడు. రాజ్యలక్ష్మమ్మ ఎదురుగా నిలబడింది. కేకలు వేస్తాడు, కొడతాడు, వెనక్కి పరిగెత్తుతాడు అనుకుంది. ఊరి బాటకు అడ్డంగా తలారులు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు కాబట్టి పరిగెత్తినా వెళ్ళలేడని ముందే చూసుకుంది. ఆయన పంచె మడతలు విప్పాడు. పొత్రాన్ని చూశాడు. రెండు చేతులతో ఎత్తి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇదో. పచ్చడి రుబ్బుకో" అన్నాడు.

ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

హంపమ్మ పోయింది. వెనక వీధిలో మగ్గాలు వదిలి రాలేమని ఇద్దరు దాక్కుని ఉండిపోయారు, వాళ్ళూ పోయారు. ఎండలు ముదిరి ఊరు మళ్ళీ చేరుకునేసరికి సర్కారు మనుషులు ఇళ్ళ పెంకులు విప్పి, గదులన్నిటికీ సున్నం కొట్టి పోయారు. చీకటి కొట్టు తెల్లగా, ఖాళీగా ఉంది. అనంతయ్య అందులోకి పోయి చాలాసేపు నిలబడి వచ్చాడు. కొయ్యపెట్టెను ఎవరికో ఇచ్చేశాడు. గోడ కన్నం పూడ్పించాడు. మళ్ళీ ఏ జంతువునూ గడప తొక్కనీయలేదు. కొత్త శనగలు ఏటా దిగేవి, మూటలు విప్పేవాళ్ళు, కుప్ప పోసేవాళ్ళు, అంతే.

ఊరు యథాప్రకారం నీతులు చెప్పింది. పిల్లిని చంపిన పాపం కాశీకి పోయి బంగారు పిల్లిని దానం చేస్తే గానీ పోదని ఆడవాళ్ళు రాజ్యలక్ష్మమ్మకు వినపడేలా అనేవాళ్ళు. "మీ మొగుళ్ళను గూడా గంప ఆశ జూపి బతికించుకునుంటే తెలుస్తాండె" అనేది ఆమె. నోరు తగ్గలేదు. కానీ ఇంట్లో మాత్రం ఆమె మాటకు బదులు లేదు. అనంతయ్యకు ఏదైనా కావాలంటే స్తంభంతో చెప్పేవాడు. "స్తంభమా, ఉప్పు తక్కువైనాది." "స్తంభమా, రేపు నేను కర్నూలు పోతాండా." ఆమె స్తంభానికే జవాబు చెప్పేది. సుందరలక్ష్మి కడప నుంచి వచ్చినప్పుడల్లా ఇద్దరి మధ్యా కూర్చుని బతిమాలేది. "నాయనా, అమ్మ నీ పానం గాపాడినాది గదా, ఒగ మాట మాట్లాడు" అనేది. ఆయన లేచి అరుగు మీదికి పోయేవాడు. ప్రాణం నిలబెట్టిన పెళ్ళాం కంటే చచ్చిన పిల్లి ఎక్కువైన ఈ మనిషిని ఏమనాలి? రాజ్యలక్ష్మమ్మ అనాల్సినవన్నీ అంది. వాడిన తిట్టే మళ్ళీ వాడాల్సి వచ్చింది.

మళ్ళీ ఏదో యుద్ధం వస్తోందని జనం చెప్పుకుంటున్న ఏడు ఎండాకాలంలో అనంతయ్య మంచం పట్టాడు. మామూలు ముసలితనం జబ్బే. ఒక మధ్యాహ్నం పడసాలలో మంచం మీద పడుకుని ఉంటే ఆమె పక్కన కూర్చుని విసురుతోంది. వీధిలో వడగాలి తప్ప చప్పుడు లేదు.

"ఏమే" అన్నాడు.

విసనకర్ర ఆగింది. ఆయన చూపు స్తంభం మీద లేదు, ఆమె మీదే ఉంది.

"ఆ పొద్దు మనం పోతాంటే అది అరిచినాదా?"

జీవితంలో రెండోసారి ఆమెకు ఆ మనిషితో అబద్ధం చెప్పాలనిపించింది.

"లేదు. పడుకుని ఉండె. జొరం గదా, ఒంటి మీద తెలివి లేదు."

ఆయన పెదవులు తడుపుకున్నాడు. ఆమె నీళ్ళు పోసింది.

"నీకు అబద్ధం జెప్పేకి రాదు" అన్నాడు. "అరిచినాది. తలుపు గీరినాది. నువ్వు అంత గొంతేసుకుని తిడతాండావు, అయినా నాకు వినపడినాది. గంప నెత్తిన బెట్టుకున్నప్పుడే తెలిసినాది అది రాయని. దాని బరువు నాకు తెలీదా?"

ఆమె చేతిలోని చెంబు కింద పెట్టింది.

"దించేసి లోపలికి పోవాల్సింది. పోలేదు. చావాలంటే భయమేసినాది. రాయితో మాట్లాడుకుంటా నడిచినా." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "నీతో ఒగ మాట మాట్లాడినానంటే ఇదే బయట పడతాదని, మాటే లేకుండ జేసుకుంటి."

రాజ్యలక్ష్మమ్మ విసనకర్ర కింద పెట్టింది. ఆయన చెయ్యి తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఈ మనిషిలో తనకు తెలియనిది ఒకటి ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"నేను మీకు తెలివి లేదనుకుంటి" అంది.

"అట్లనే అనుకో" అన్నాడు అనంతయ్య. "అదే మేలు."